స్టెపినీలో గాలుందా?

ఆదివారం అబిడ్స్ వేరు, మిగతా ఆరు రోజుల అబిడ్స్ వేరు. షట్టర్లు దించిన దుకాణాల ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఓ గుట్ట ముందు తండ్రీ కొడుకులు గొంతుకూర్చుని ఉన్నారు. తొమ్మిదో తరగతి కొడుకు చేతిలో ఎప్పటిదో ఏరోమోడలింగ్ పత్రిక. వాడి కళ్లు బొమ్మల మీద ఉన్నాయి కానీ మనసు మాత్రం పోయిన ఆదివారం దగ్గరే ఆగిపోయింది. ఆ రోజే వాళ్ల విమానం కూలిపోయింది మరి!

విమానమంటే మనం ఎక్కేది కాదు. ఈ కొస నుంచి ఆ కొసకు రెక్కలు మీటరున్నర ఉండే రేడియో కంట్రోల్ మోడల్. సెలవులకు వస్తూ అమెరికా బాబాయి తెచ్చిన కిట్. అన్నాలయ్యాక రోజూ రాత్రి ఇద్దరూ కూర్చుని, రెండు నెలలపాటు ఒక్కో ముక్కా అతికించారు. ఊరి బయట ఖాళీ మైదానానికి తీసుకెళ్లి ఎగరేశారు. రెండు చక్కర్లు బ్రహ్మాండంగా కొట్టింది. మూడోదానికి మలుపు తిరుగుతూ ఉండగా ఉన్నట్టుండి మొండికేసింది. చేతిలో రిమోట్ కర్ర ఎటు తిప్పినా పలకలేదు. గాలిపటం తెగినట్టు వాలుగా వచ్చి, క్రికెట్ ఆడుకుంటున్న పిల్లలకు ఇరవై అడుగుల దూరంలో ముక్కు నేలకు గుచ్చుకుంది. ఇంకాస్త ఇటు పడి ఉంటే? ఆ తలపుతోనే తండ్రికి వారమంతా కంటి మీద కునుకు లేదు.

‘‘బ్యాకప్ బ్యాటరీ కూడా పెట్టాం కదా నాన్నా! అసలుది పోయినా అది కాపాడాలిగా?’’

వాడి సందేహం న్యాయమైనదే. జవాబు తండ్రి దగ్గర లేదు. ‘‘రేపు సాయంత్రం కోఠీ వెళ్దాం రా. తెలిసినవాళ్లని అడుగుదాం’’ అని మాత్రం అన్నాడు.

రెండు ప్రాణాలు

మోడల్ విమానానికి బ్యాటరీ ఒక్కటి చాలదా అని చాలామందికి అనుమానం. రేడియోతో బొమ్మలు నడపడం మొదలైననాటి నుంచే బ్యాటరీ దానికి ప్రాణం. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఓ చిన్న పడవను తీగలేమీ లేకుండా దూరం నుంచి నడిపి జనాన్ని నోరెళ్లబెట్టేలా చేశాడు. ఆ పడవ కడుపులో ఉన్నవీ బ్యాటరీలే.

ఇప్పటి ఎలక్ట్రిక్ విమానంలో పెద్ద బ్యాటరీ చేసే పనులు రెండు. ఒకటి, మోటారు తిప్పి ఎగరేయడం. రెండోది, నేల మీది నుంచి వచ్చే ఆజ్ఞను అందుకునే రిసీవర్‌కీ, రెక్కల్నీ తోకనీ కదిలించే సర్వోలకీ కరెంటు ఇవ్వడం. ఈ రెండో పనికి 5 వోల్టులు చాలు. మోటారు వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్‌లోనే ఉండే బీఈసీ అనే చిన్న భాగం పెద్ద బ్యాటరీ వోల్టేజిని ఆ మేరకు తగ్గించి అందిస్తుంది.

మోటారు ఆగిపోతే కొంప మునగదు. చెయ్యి తిరిగినవాళ్లు గద్దలా తేల్చుకుంటూ కిందికి దించేస్తారు. రిసీవర్ ఆగిపోతేనే అసలు ముప్పు. చెవీ చెయ్యీ రెండూ పోయినట్టే. బీఈసీ వేడెక్కి ఆగినా, పెద్ద బ్యాటరీ ప్లగ్గు వదులై ఊడినా జరిగేది అదే. అందుకే రిసీవర్ కోసం ప్రత్యేకంగా ఓ చిన్న బ్యాటరీ, రెంటి మధ్యా ఓ ఆటోమేటిక్ స్విచ్ పెడతారు. అసలుది చేతులెత్తేసిన మరుక్షణం చిన్నది అందుకుంటుంది.

పెట్రోలుతో నడిచే మోడళ్లలో, మోటారే లేని గ్లైడర్లలో రిసీవర్‌కి ఆ చిన్న బ్యాటరీయే దిక్కు. పోటీల్లో పరిగెత్తే కార్లకీ, చెరువులో తిరిగే పడవలకీ ఇదే సూత్రం. నాంపల్లి నుమాయిష్‌లో పిల్లలకు కొనిపెట్టే రిమోట్ కారుకు ఇంత హంగామా అక్కర్లేదు. అది ఆగితే వెళ్లి చేత్తో తెచ్చుకోవచ్చు. ఆకాశంలో ఆగినదాన్ని తెచ్చుకోలేం కదా!

మీటరు చెప్పేది సగమే

సోమవారం సాయంత్రం. నాంపల్లి స్టేషన్ దగ్గర బస్సు దిగి, స్టేషన్ రోడ్డు మీదుగా అబిడ్స్ దాటి, కోఠీలోని గుజరాతీ గల్లీ చేరారు ఇద్దరూ. రెసిస్టర్ నుంచి స్పీకర్ దాకా ఎలక్ట్రానిక్స్ విడిభాగాలేవైనా వెతుక్కుంటూ నగరమంతా వచ్చేది ఆ సందుకే. ఓ చిన్న దుకాణంలో తల నెరిసిన పెద్దాయన విమానం శకలాన్ని ముందేసుకుని, ఒక్కో తీగా పట్టి చూశాడు. బీఈసీ నుంచి కరెంటు రావడం లేదు. సరే, మరి బ్యాకప్?

నాలుగు సెల్స్ ఉన్న చిన్న ప్యాక్‌కి మల్టీమీటర్ తగిలించారు. 5 వోల్టులు చూపించింది.

‘‘చూశారా అంకుల్, నిండుగానే ఉంది’’ కుర్రాడి గొంతులో గెలుపు.

‘‘మీటరు చెప్పేది సగమే నిజం బేటా’’ అంటూ పెద్దాయన సొరుగులోంచి తెల్లటి రెసిస్టర్ ఒకటి తీసి ప్యాక్‌కి కలిపాడు. అంకె జారుడుబల్ల ఎక్కినట్టు జర్రున దిగి 3.4 దగ్గర నిలిచింది. ‘‘దీన్ని ఎప్పుడు చార్జ్ చేశారు సార్?’’

తండ్రీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. కిట్ విప్పిన రోజు చేశారు. అంటే, రెండు నెలలు దాటింది.

‘‘మీ కాలంలో స్కూటర్ వెనక స్టెపినీ ఉండేది. దూరం బయల్దేరే ముందు దాంట్లో గాలుందో లేదో చూసుకునేవాళ్లా కాదా? ఇదీ అంతే సార్’’ అన్నాడు పెద్దాయన.

అసలు టైరు రోజూ కంటికి కనిపిస్తుంది. మెత్తబడితే చేతికి తెలుస్తుంది. స్టెపినీ సంగతి మాత్రం పంక్చరయ్యాకే గుర్తొస్తుంది. బ్యాకప్ బ్యాటరీ పరిస్థితీ అదే. ఎప్పుడోగానీ పని పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పని పడే ఆ ఒక్కసారీ అది పలకాలంటే, ఎంచుకునేటప్పుడే కొన్ని విషయాలు చూసుకోవాలి.

ట్యాంకు పెద్దదైతే చాలదు

దుకాణంలో అడుగుపెట్టగానే అందరూ చూసేది ఎన్ని మిల్లీ యాంప్ అవర్లు అనే. అది ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దదో చెప్పే అంకె. కుళాయి ఎంత వెడల్పో దాంట్లో ఉండదు. ట్యాంకు నిండుగా ఉన్నా కుళాయి సన్నగా ఉంటే బిందె నిండేసరికి తెల్లారుతుంది. మోడల్ విమానానికి ఈ కుళాయే ముఖ్యం.

లెక్క చూడండి. నాలుగు సర్వోల చిన్న విమానం సగటున అర యాంపియర్ వాడుకుంటుందనుకుందాం. పది నిమిషాల ప్రయాణానికి 90 మిల్లీ యాంప్ అవర్లు కూడా ఖర్చు కావు. ఆ లెక్కన 500 ప్యాక్ కూడా ఎక్కువే! కానీ, ఎదురుగాలిలో నాలుగు సర్వోలూ ఒక్కసారిగా బిగుసుకుని లాగితే ఒక్కోటి యాంపియర్ చొప్పున నాలుగు యాంపియర్లు కావాలి. ఆ క్షణంలో ప్యాక్ అందుకోలేకపోతే వోల్టేజి కూలబడుతుంది. సుమారు 3.5 వోల్టుల కిందికి జారితే చాలా రిసీవర్లు స్పృహ తప్పుతాయి. మళ్లీ తేరుకోవడానికి ఒకటి రెండు సెకన్లు పట్టినా ఆలోగా విమానం నేలను తాకొచ్చు. కాబట్టి ‘ఎంతసేపు ఇస్తుంది?’ అన్నదానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదు?’.

ఏ రకం మేలు?

ముందుగా కొట్టేయాల్సినవి మామూలు పెన్సిల్ సెల్స్. టీవీ రిమోట్‌కీ గోడ గడియారానికీ అవి చక్కగా సరిపోతాయి. గట్టిగా లాగితే మాత్రం వాటి వోల్టేజి నిలవదు. పైగా స్ప్రింగుల పెట్టెలో పెడితే ఇంజిన్ అదురుకు సెల్ ఒక్క వెంట్రుకవాసి కదిలినా కరెంటు తెగిపోతుంది. బ్యాకప్‌కి ఏ రకం ఎంచుకున్నా సెల్స్‌ని ఒకదానికొకటి గట్టిగా అతికించిన ప్యాకే వాడాలి.

తర్వాతిది నికెల్ మెటల్ హైడ్రైడ్. ఒక్కో సెల్ 1.2 వోల్టులు. నాలుగు కలిపితే 4.8, ఐదు కలిపితే 6. ఐదు సెల్స్ అయితే వోల్టేజి కాస్త జారినా రిసీవర్ తట్టుకుంటుంది. కాకపోతే సర్వోలు 6 వోల్టులకు పనికొచ్చేవై ఉండాలి. ఈ రకంలో పాతవాటికో జబ్బుంది. వాడకపోయినా రోజురోజుకీ చార్జ్ కారిపోతూ ఉంటుంది. మన కుర్రాడి కొంప ముంచింది అదే! దీనికి విరుగుడుగా జపాన్‌కి చెందిన శాన్యో 2005లో ఎనెలూప్ పేరుతో చార్జ్ కారిపోవడం బాగా తక్కువగా ఉండే సెల్స్ తెచ్చింది. ఇప్పుడు ఆ తరహావి మరికొన్ని కంపెనీలూ చేస్తున్నాయి. పెన్సిల్ సైజు సెల్స్ నాలుగింటి ప్యాక్ సుమారు 110 గ్రాములు తూగుతుంది. బరువు మోయగల విమానమైతే కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్ని మించిన తోడు లేదు.

మూడోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం 1997లో ఈ పదార్థం గురించి లోకానికి చెప్పింది. ఆ బృందంలో భారతీయుడు అక్షయ పాధి కూడా ఉన్నారు. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి గుడ్‌ఇనఫ్ 2019లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. రెండు సెల్స్ ప్యాక్ 6.6 వోల్టులు. నెలల తరబడి చార్జ్ నిలుస్తుంది, గట్టిగా లాగినా తట్టుకుంటుంది, వేడెక్కి మంటలంటుకునే ముప్పు మిగతా లిథియం రకాల కన్నా తక్కువ. నిండా చార్జ్ చేస్తే 7.2 దాకా వెళ్తుంది కాబట్టి సర్వోలు, రిసీవర్ దాన్ని భరిస్తాయా అని వాటితోపాటు వచ్చిన కాగితం చూసుకోవాలి.

ఇక లిథియం పాలిమర్. వాడుకలో లైపో. తక్కువ బరువు, ఎక్కువ బలం. మోటారు తిప్పేదీ అదే. అయితే రెండు సెల్స్ కలిస్తే 7.4 వోల్టులు, నిండా చార్జ్ చేస్తే 8.4. మామూలు సర్వోలకు నేరుగా ఇస్తే మాడిపోతాయి. మధ్యలో రెగ్యులేటర్ ఉండాల్సిందే. ఎక్కువ వోల్టేజికని తయారైన సర్వోలైతే ఫర్వాలేదు.

అంకెల గారడీ

మార్కెట్లో బొటనవేలు లావున ఉండే గుండ్రటి లిథియం సెల్స్ కనిపిస్తాయి. వాటి సైజును 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. కొన్నింటి మీద 9,900 మిల్లీ యాంప్ అవర్లని దర్జాగా అచ్చేసి ఉంటుంది. నమ్మితే అంతే సంగతులు! పేరున్న కంపెనీల సెల్స్‌లో ఆ సైజులో పట్టేది 3,500కి అటూ ఇటూ. కొద్ది కొత్త రకాలు 4,000 దాకా వెళ్తున్నాయి. లేబుల్ అబద్ధమాడినా తక్కెడ ఆడదు. అసలు సెల్ 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. చేతిలో దూదిలా తేలిపోతుంటే అక్కడే పెట్టేసి రావడం మంచిది.

పాత ల్యాప్‌టాప్‌లు విప్పి తీసిన సెల్స్‌కి కొత్త రంగు కాగితం చుట్టి అమ్మడమూ ఉంది. టార్చిలైటు ఆరిపోతే చీకటే. అదే విమానమైతే ఎవరి నెత్తినో పడుతుంది. తేడా గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో అమ్మే లిథియం సెల్స్‌కి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు.

ఇంటి దగ్గరే పరీక్ష

పెద్దాయన చేసిన పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. కావాల్సింది ఓ మల్టీమీటర్, 5 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్. నాలుగు సెల్స్ నికెల్ ప్యాక్‌ని నిండా చార్జ్ చేసి, రెసిస్టర్ కలిపితే దాదాపు ఒక యాంపియర్ లాగుతుంది. అప్పుడు మీటరు చూడాలి. 4.8కి అటూ ఇటూ కదలకుండా నిలిచిందా, బంగారమే. కలిపిన నిమిషంలోనే 4.4 కిందికి జారితే పక్కన పెట్టేయాలి. 2,000 అని రాసిన ప్యాక్ ఇలా రెండు గంటల దగ్గరదాకా పలకాలి. 4 వోల్టులకు దిగగానే తీసేయాలి. గంటకే చేతులెత్తేస్తే దాని అసలు బలం సగమేనన్నమాట. రెసిస్టర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి పింగాణీ పళ్లెంలో పెట్టి, పక్కనే ఉండి చూసుకోవాలి.

ఎగరేసే రోజు పొద్దున్నే మరో చిన్న పరీక్ష. మోటారు తిరగకుండా ప్రొపెల్లర్ తీసేసి, పెద్ద బ్యాటరీ ప్లగ్గు ఊడదీసి, బ్యాకప్ ఒక్కదానితోనే సర్వోలన్నీ ఓ నిమిషంపాటు అటూ ఇటూ ఆడించాలి. జంకకుండా కదిలితేనే మైదానానికి బయల్దేరాలి.

బీరువాలో నిప్పు

అంతా విని లేవబోతుంటే పెద్దాయన ఆపాడు. ‘‘అవునూ, విమానంతోపాటు పడ్డ పెద్ద బ్యాటరీ ఏదీ?’’

‘‘ఇంట్లో ఉందండీ. ఓ మూల కాస్త నొక్కుకుపోయింది. పాడైపోకుండా బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టాం.’’

పెద్దాయన మొహం మారిపోయింది. ‘‘ముందు ఇంటికి ఫోన్ చేసి అది బయట పెట్టించండి సార్. మిగతాది తర్వాత.’’

భయం ఉత్తినే కాదు. దెబ్బ తిన్న లైపోలో లోపలి పొరలు ఒకదాన్నొకటి తాకితే గంటల తర్వాతైనా ఒక్కసారిగా భగ్గుమంటుంది. బయట గాలి తగలకుండా మూసినా లోపలి రసాయనాలే మంటను మేపుతాయి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేస్తే ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రములు నిల్వ చేసిన భవనంలో మంటలు లేచి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ఒకటి బ్యాటరీల ఊసు, రెండోది రసాయనాల ఊసు. రెండూ చెప్పేది మాత్రం ఒకటే. మనుషులు నిద్రపోయే చోట అంటుకునే సరుకు ఉండకూడదు. విమానంలో పెట్టే లైపో వాటి ముందు చిన్నదే కావచ్చు. దుప్పట్లు అంటుకోవడానికి అది చాలు.

అందుకే లైపో వాడే ఇంట్లో కొన్ని నియమాలు తప్పవు. చార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు, బయటికి వెళ్లకూడదు. బండ మీదో పింగాణీ పాత్రలోనో పెట్టి చార్జ్ చేయాలి. నికెల్ చార్జర్‌తో లైపోని, లైపో చార్జర్‌తో నికెల్‌ని చార్జ్ చేయకూడదు. వెయ్యి మిల్లీ యాంప్ అవర్ల ప్యాక్‌కి ఒక యాంపియర్ చొప్పున ఇస్తే చాలు. వారాల తరబడి వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. 3 వోల్టుల కిందికి ఎన్నడూ పోనివ్వకూడదు. పొట్ట ఉబ్బినదాన్ని గుచ్చడం, నొక్కడం వద్దు. అలాంటిదాన్ని చెత్తబుట్టలో పడేయడం కూడా తప్పే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం విడిగా ఉంచి, సేకరించేవాళ్లకు అప్పగించాలి. ఆ బాబాయిలకీ ఓ మాట. విమానంలో వచ్చేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు పెద్ద సూట్‌కేసులో పెట్టకూడదు. 100 వాట్ అవర్లకు మించనివి చేతి సంచిలోనే, కొసలకు టేపు చుట్టి తెచ్చుకోవాలి.

టేపు మీద తేదీ

ఆ తర్వాత మూడు వారాలు పట్టింది రెక్క అతకడానికి. కొత్త బీఈసీ వచ్చింది. చార్జ్ కారిపోని రకం సెల్స్‌తో ఐదింటి ప్యాక్ తయారైంది. సర్వోలు 6 వోల్టులకు పనికొస్తాయని కాగితం మీద ముందే చూసుకున్నారు. ఈసారి మైదానమూ మారింది. డ్రోన్లకైనా మోడళ్లకైనా ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో 2021 నాటి డ్రోన్ నిబంధనలు చెబుతాయి. డిజిటల్ స్కై మ్యాపులో పచ్చరంగు ఉన్న చోటు, జనం లేని చోటు వెతుక్కున్నారు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్న పక్కింటి అన్నయ్యను కూడా తోడు తీసుకెళ్లారు.

విమానం పొట్ట తెరిచి తండ్రి పెద్ద బ్యాటరీ బిగించబోయాడు. ‘‘ఆగు నాన్నా’’ అన్నాడు కొడుకు. బ్యాకప్ ప్యాక్ చుట్టూ తెల్ల టేపు. దాని మీద బాల్‌పెన్‌తో ముందురోజు తేదీ, కింద ‘5 ఓమ్‌లు, ఓకే’ అని రాసి ఉంది. వాడు సర్వోలన్నీ నిమిషంపాటు ఆడించి చూశాడు. చెవి దగ్గర పెట్టి వాటి చప్పుడు విన్నాడు.

అప్పుడు తలూపాడు, బిగించమన్నట్టు.